దోర్నకల్ అజరయ్య: విద్యార్థి ఉద్యమం నుంచి మాలపల్లె, మాదిగపల్లె దాకా

సల్వా (కువైట్): శుక్రవారం వచ్చిందంటే సల్వా వీధుల్లో తెలుగు మాట వినిపిస్తుంది. వారమంతా పెద్ద పెద్ద ఇళ్ల వంటగదుల్లో, కార్లలో, దుకాణాల్లో పనిచేసిన రాయచోటి, రాజంపేట, కోనసీమ వాళ్లు ఆ ఒక్క పూట బస్టాపుల దగ్గర కలుసుకుంటారు. కొందరు ఇంటికి డబ్బు పంపడానికి, కొందరు సరుకులకు, కొందరు ప్రార్థనకు వెళ్తారు. కువైట్ సిటీలోని నేషనల్ ఇవాంజెలికల్ చర్చి ప్రాంగణంలో ఎన్నో భాషల సంఘాలు వంతులవారీగా ఆరాధన చేసుకుంటాయి. లోపల ఇంజనీరు, ఇంటిపని చేసుకునే అక్క ఒకే వరుసలో కూర్చుంటారు. బయటికి వచ్చాక ఒకరింటికి ఒకరు భోజనానికి వెళ్తారా అన్నది వేరే సంగతి.

సరిగ్గా ఈ సంగతినే 1910లో ఒక దక్షిణాది యువకుడు ప్రపంచం ముందు పెట్టాడు. తర్వాత జీవితమంతా తెలుగు పల్లెల్లోనే గడిపాడు. ఆయనే దోర్నకల్ బిషప్ వేదనాయకం శామ్యూల్ అజరయ్య. తెలంగాణ, కోస్తా, రాయలసీమల్లో ఇప్పటికీ ఎందరో పెద్దవాళ్ల నోట ఆ పేరు వినిపిస్తుంది. గల్ఫ్‌లో పుట్టి పెరిగిన మన పిల్లల్లో మాత్రం ఆయన్ని ఎరిగినవాళ్లు తక్కువ.

తాటితోపుల ఊరిలో పుట్టుక

అజరయ్య 1874 ఆగస్టు 17న తిరునెల్వేలి ప్రాంతంలోని వెళ్లాలన్‌విళై అనే చిన్న ఊరిలో పుట్టారు. తండ్రి థామస్ వేదనాయకం ఆ ఊరి పాస్టరు. వారిది నాడార్ కులం. తాటిచెట్లెక్కి కల్లు గీసి, బెల్లం కాచి బతికిన ఆ కులస్తులను అప్పట్లో గుళ్లలోకి రానిచ్చేవారు కాదు. కాబట్టి కులం అంటే ఏమిటో అజరయ్య పుస్తకాల్లో చదివి తెలుసుకోలేదు. అది ఆయన పుట్టిన వాకిట్లోనే ఉంది.

చాలా ఏళ్లు ఎదురుచూశాక కలిగిన కొడుకు కాబట్టి, బైబిల్లో హన్నా కన్న బిడ్డ పేరే పెట్టుకున్నారు. పిల్లవాడికి పదిహేనేళ్లు వచ్చేసరికి తండ్రి పోయారు. తల్లి ఎల్లెన్ క్రమశిక్షణ గల మనిషి. ఆమె పెంపకంలో, మిషన్ బడుల్లో చదువు సాగింది.

క్రైస్తవ బడి అయినంత మాత్రాన కులం పోలేదు. వెళ్లాల పిల్లలు ఒకవైపు, నాడార్ పిల్లలు మరోవైపు. ఒకే దేవుణ్ణి ప్రార్థించినా ఒకే పంక్తిలో తినని రోజులు. తిరునెల్వేలిలో చదువుకునే రోజుల్లోనే అజరయ్య తోటి విద్యార్థులతో కలిసి, అన్ని కులాల కుర్రాళ్లూ ఒక్కచోట కూర్చునే సంఘాన్ని ఏర్పాటు చేయడంలో చేయి వేశారు. ఆయన తర్వాత చేసిన పనులన్నిటికీ విత్తనం అక్కడే పడింది.

డిగ్రీ రాలేదు, పని దొరికింది

పై చదువుకు మద్రాసు క్రిస్టియన్ కాలేజీకి వెళ్లారు. గణితం చదివారు. అక్కడే కె.టి. పాల్‌తో స్నేహం కుదిరింది. ఈ పాల్ తర్వాత 1930లో లండన్ రౌండ్ టేబుల్ సమావేశానికి భారత క్రైస్తవుల ప్రతినిధిగా వెళ్లారు. పరీక్షల ముందు జబ్బు చేయడంతో అజరయ్య బీఏ పూర్తి చేయలేకపోయారు. మళ్లీ రాసి పట్టా తెచ్చుకోవాలన్న ఆరాటమూ పడలేదు. పట్టా లేని ఆ విద్యార్థికే 1920లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయం గౌరవ డాక్టరేట్ ఇచ్చింది.

ఆ రోజుల్లో ప్రపంచమంతటా కాలేజీ విద్యార్థుల్లో ఒక అలజడి ఉంది. 1895లో స్వీడన్‌లోని వాడ్‌స్టెనాలో ప్రపంచ విద్యార్థి క్రైస్తవ సమాఖ్య పుట్టింది. దాని వెనుక ఉన్న అమెరికన్ జాన్ ఆర్. మాట్ వెంటనే ఇండియాకూ వచ్చి కాలేజీల్లో తిరిగారు. చదువుకున్నవాడు తన ఉద్యోగం తాను చూసుకుని ఊరుకోకూడదు, సమాజం బాధ్యత తలకెత్తుకోవాలి అన్నది ఆ ఉద్యమం సారాంశం. అదే 1895లో, 21 ఏళ్ల వయసులో, అజరయ్య వైఎంసీఏలో కార్యదర్శిగా చేరారు. దాదాపు 14 ఏళ్లు దక్షిణాది కాలేజీలు, హాస్టళ్లు తిరిగారు. ఆ తర్వాతి ఏడు వచ్చిన షేర్‌వుడ్ ఎడ్డీ అనే అమెరికన్ యువకుడు ఆయనకు ప్రాణస్నేహితుడయ్యాడు. ఒకే గదిలో ఉండి, ఒకే విస్తరి ముందు కూర్చుని తిరిగిన స్నేహం అది. తెల్లవాళ్లలో ఇలాంటి స్నేహం ఎంత అరుదో తెలిసినవాడు కాబట్టే, తర్వాత ఎడిన్‌బరోలో ఆయన అంత గట్టిగా మాట్లాడగలిగారు.

1898లో అన్బు మరియమ్మాళ్‌ను పెళ్లాడారు. దక్షిణాదిలో కాలేజీ మెట్లెక్కిన తొలితరం క్రైస్తవ మహిళల్లో ఆమె ఒకరు. కట్నం పుచ్చుకోలేదు. పెళ్లి ఆర్భాటం లేకుండా జరిగింది. పెళ్లికి అప్పు చేసి, ఆ అప్పు తీర్చడానికి గల్ఫ్ విమానం ఎక్కే కుటుంబాలు ఈనాటికీ మన మధ్య ఉన్నాయి. అందుకే ఈ చిన్న విషయం కూడా చెప్పుకోవాలి.

మన డబ్బు, మన మనుషులు

1902లో అజరయ్య సిలోన్‌లోని జాఫ్నాకు వెళ్లారు. అక్కడి తమిళ క్రైస్తవులు విదేశీ చందాలకు ఎదురుచూడకుండా తమ డబ్బుతోనే వేరే ప్రాంతాలకు మనుషులను పంపుతున్నారు. అది చూశాక ఆయనకు తమ మీద తమకే సిగ్గేసింది. తిరిగొచ్చి మిత్రులతో మాట్లాడారు. 1903 ఫిబ్రవరి 12న తిరునెల్వేలిలో ఇండియన్ మిషనరీ సొసైటీ పుట్టింది. నడిపేది భారతీయులు, పెట్టేది భారతీయుల డబ్బు. 1905 డిసెంబరు 25న బెంగాల్‌లోని సేరంపూర్‌లో అన్ని సంఘాలవారూ కలిసి నేషనల్ మిషనరీ సొసైటీని స్థాపించారు. దానికీ ఆయనే కార్యదర్శి. దేశంలో స్వదేశీ ఉద్యమం రగులుతున్న సంవత్సరమే అది. బట్టల్లో స్వదేశీ కావాలని దేశం అడుగుతుంటే, చర్చిలో స్వదేశీ కావాలని ఈ కుర్రాళ్లు పని మొదలుపెట్టారు.

1907లో టోక్యోలో ప్రపంచ విద్యార్థి క్రైస్తవ సమాఖ్య సభలు జరిగాయి. అజరయ్య వెళ్లారు. రష్యాను ఓడించిన జపాన్‌ను చూసి ఆసియా యువత తలెత్తుకుంటున్న కాలం. ఆసియా వాళ్లు తమ పనిని తామే నడుపుకోగలరన్న ధైర్యం ఆ ప్రయాణంలో ఆయనకు మరింత బలపడింది.

అయితే ఒక మాట ఆయన్ని నిద్రపోనివ్వలేదు. ఊరూరా తిరిగి కుర్రాళ్లను పల్లెలకు వెళ్లమంటున్నాను, నేనెందుకు వెళ్లకూడదు అన్నది ఆ మాట. తిరునెల్వేలి సొసైటీ తన పనికి నిజాం రాజ్యంలోని దోర్నకల్‌ను ఎంచుకుంది. 1909లో అజరయ్య వైఎంసీఏ ఉద్యోగం వదిలి, పాస్టరుగా అభిషేకం పొంది, భార్యాపిల్లలతో అక్కడికి వచ్చేశారు. 35 ఏళ్ల వయసులో తెలుగు అక్షరాలు దిద్దుకోవడం మొదలుపెట్టారు.

ఎడిన్‌బరోలో అడిగిన ప్రశ్న

1910 జూన్‌లో స్కాట్లాండ్‌లోని ఎడిన్‌బరోలో ప్రపంచ మిషనరీ మహాసభ జరిగింది. వచ్చిన ప్రతినిధులు 1,200 మందికి పైనే. ఆసియా వాళ్లు ఇరవై మంది కూడా లేరు. ఆ కొద్దిమందిలో అజరయ్య ఒకరు.

ఆయనకు ఇచ్చిన అంశం, విదేశీ మిషనరీలకు స్థానికులకు మధ్య సహకారం. పొగడ్తలతో సరిపెట్టి ఉంటే చప్పట్లు కొట్టేవారు. ఆయన ఉన్నది ఉన్నట్టు చెప్పారు. ఏళ్ల తరబడి కలిసి పనిచేసినా మిషనరీ ఇంట్లో భోజనానికి పిలుపు రాని భారతీయ పాస్టర్లు ఉన్నారని చెప్పారు. జీతం ఇచ్చే చేతికీ, పుచ్చుకునే చేతికీ మధ్య ఉన్నది దొర, నౌకరు సంబంధమే తప్ప తోడబుట్టిన సంబంధం కాదని చెప్పారు. మీరు చేసిన త్యాగాలు మరువం, కానీ మాకు కావలసింది స్నేహం అన్న అర్థం వచ్చేలా ముగించారు. సభలో కొందరు నొచ్చుకున్నారు. కొందరు సిగ్గుపడ్డారు. ఆ సభలో చేసిన ప్రసంగాల్లో నూరేళ్లు దాటినా గుర్తున్నది ఇదే.

కువైట్‌కూ ఈ కథతో ఒక చుట్టరికం ఉంది. ఎడిన్‌బరో సభలో కూర్చున్నవారిలో శామ్యూల్ జ్వీమర్ ఒకరు. అమెరికా విద్యార్థి ఉద్యమం నుంచి బయల్దేరి, 1889లో జేమ్స్ కాంటైన్‌తో కలిసి అరేబియన్ మిషన్‌ను మొదలుపెట్టినవాడు ఆయన. ఆ మిషనే 1910ల్లో కువైట్‌లో అమెరికన్ ఆసుపత్రిని నెలకొల్పింది. ఇప్పుడు సముద్రపు ఒడ్డున అమ్రికానీ సాంస్కృతిక కేంద్రంగా నిలిచిన భవనాలు అవే. ఒకే విద్యార్థి కెరటం ఒక కొసన ఎడారి రేవులో ఆసుపత్రి అయింది, మరో కొసన తెలుగు పల్లెలో బడి అయింది.

బిషప్ అయిన పల్లెటూరి పాస్టరు

మద్రాసు బిషప్ హెన్రీ వైట్‌హెడ్‌కు అజరయ్య మీద గురి. ఆయన్ని బిషప్‌ను చేయాలని పట్టుబట్టారు. వ్యతిరేకత రెండు వైపుల నుంచీ వచ్చింది. భారతీయుడి కింద మేము పనిచేయడమేమిటని తెల్లవాళ్లలో కొందరు అన్నారు. నాడార్ కులస్తుడు మాకు బిషపా అని మనవాళ్లలోనే కొందరు గొణిగారు. చివరికి 1912 డిసెంబరు 29న కలకత్తా సెయింట్ పాల్స్ కథీడ్రల్‌లో ఆయన అభిషేకం జరిగింది. అప్పటికి వయసు 38. ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్ ఆయనే. 1945లో కన్నుమూసేదాకా ఒక డయోసిస్‌ను ఏలిన భారతీయుడు ఆ సంఘంలో ఇంకొకరు లేరు.

మొదట దోర్నకల్ డయోసిస్ చాలా చిన్నది. 1920 దశకం మొదట్లో మచిలీపట్నం, నంద్యాల వైపు ప్రాంతాలు కూడా దానిలో కలిశాయి. ఎడ్లబండి మీద, సైకిల్ మీద ఆయన ఊళ్లు తిరిగారు. గూడెంలో దిగి, చెట్టు కింద కూర్చుని మాట్లాడేవారు. సంఘంలో చేరినవారిలో అత్యధికులు మాలలు, మాదిగలు. వెట్టిచాకిరీ, అప్పు, ఊరి చివర గుడిసె తప్ప మరోటి ఎరగని బతుకులు. అక్కడ ఒక పంతులు కాపురం పెట్టేవాడు. పగలు పిల్లలకు, రాత్రి పెద్దలకు లాంతరు వెలుతురులో చదువు. చచ్చిన గొడ్డు మాంసం మానాలి, తాగుడు మానాలి, చిన్నపిల్లలకు పెళ్లిళ్లు చేయకూడదు అన్నవి ఆయన పట్టుబట్టిన కట్టుబాట్లు. అన్బు అమ్మగారు ఆడవాళ్ల మధ్య అదే పని చేశారు.

సంఘం సొంత కాళ్ల మీద నిలబడాలన్న పాత పట్టుదలను ఇక్కడా వదల్లేదు. డబ్బు లేనివారు ఏమిస్తారు? వంటకు బియ్యం కొలిచేటప్పుడు ఆడవాళ్లు పిడికెడు తీసి వేరే కుండలో వేసేవారు. కోడిపిల్ల, గుమ్మడికాయ, కొత్త పంటలో మొదటి గంప కూడా కానుకలే. ఇచ్చేవాడికి తలెత్తుకునే హక్కు వస్తుందని ఆయన నమ్మకం. బాప్తిస్మం పొందిన ప్రతివారూ తల మీద చేయి పెట్టుకుని, తాము విన్న మంచి కబురును ఇతరులకు చెప్తామని ఒట్టు పెట్టుకునే పద్ధతిని కూడా ఆయనే తెచ్చారు.

1930ల నాటికి సంఘస్తుల సంఖ్య రెండు లక్షలు దాటింది. గూడెం పిల్లలు చదవడం, గూడెం ఇళ్లు శుభ్రపడడం చూసి ఊళ్లోని శూద్ర కులాలవారు కూడా వేలల్లో వచ్చారు. మామూలుగా ఊరు గూడేనికి నేర్పుతుంది. ఇక్కడ గూడేన్ని చూసి ఊరు నేర్చుకుంది.

అంతా సాఫీగా సాగిందని చెప్పడం అబద్ధమవుతుంది. చర్చిలోకి వచ్చినా మాల మాలగానే, మాదిగ మాదిగగానే ఉండిపోయిన చోట్లు ఎన్నో ఉన్నాయి. ఒకే పాత్రలో ప్రభు రాత్రి భోజనం తీసుకోవడానికి ఒప్పుకోనివారు ఉన్నారు. వారితో ఆయన జీవితాంతం పోరాడారు. పూర్తిగా గెలవలేదు.

గాంధీజీతో వాదం, అంబేద్కర్ ప్రశ్న

రాజకీయాల్లో అజరయ్య దారి వేరు. కాంగ్రెస్ వేదికలెక్కలేదు, జైలుకు వెళ్లలేదు. ఇంగ్లిషు సంఘంలో పెద్ద పదవిలో ఉండి దేశం కోసం ఏం చేశారని అడిగినవాళ్లు అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు. కానీ 1932లో బ్రిటిష్ ప్రభుత్వం కమ్యూనల్ అవార్డు ప్రకటించి క్రైస్తవులకు ప్రత్యేక నియోజకవర్గాలు ఇస్తానన్నప్పుడు ఆయన వద్దన్నారు. సీట్ల కోసం క్రైస్తవులు మరో కులంలా గిరి గీసుకుని కూర్చుంటే ఇరుగుపొరుగు నుంచి తెగిపోతారన్నది ఆయన భయం. లాభం వచ్చే చోట వద్దనడం మామూలు రాజకీయం కాదు.

1930ల మధ్యలో గాంధీజీ ఆంధ్ర పల్లెల్లోని సామూహిక మతమార్పిడులను విమర్శించారు. పేదల అమాయకత్వాన్ని వాడుకుంటున్నారన్నది ఆయన ఆరోపణ. అజరయ్య ఒప్పుకోలేదు. తన బతుకు తాను మార్చుకునే హక్కు, మంచిచెడు ఎంచుకునే తెలివి అంటరానివాడికి కూడా ఉన్నాయన్నది ఆయన వాదన. ఇద్దరూ దేశం మేలు కోరినవారే, ఇద్దరూ అంటరానితనాన్ని అసహ్యించుకున్నవారే. ఆ వాదం నేటికీ తెగలేదు.

1935 అక్టోబరులో యేవలాలో డాక్టర్ అంబేద్కర్ హిందువుగా చనిపోనని ప్రకటించారు. మరుసటి ఏడు అజరయ్య అణగారిన వర్గాలకు ఒక బహిరంగ లేఖ రాశారు. ఆ రోజుల్లో ఈ ఇద్దరి మధ్య ఒక మాట నడిచిందని సంఘ చరిత్రలో చెప్పుకుంటారు. మేమంతా మీ మతంలోకి వస్తే ఒక్కటిగా ఉండగలమా, లేక ఊరికో మిషన్ చొప్పున విడిపోతామా అని అంబేద్కర్ అడిగారట. బిషప్ దగ్గర జవాబు లేకపోయిందట. ఇప్పటికీ ఒకే ఊరివాళ్లు మూడు నాలుగు సంఘాలుగా విడిపోవడం చూసేవారికి ఆ ప్రశ్న పాతదిగా అనిపించదు.

దానికి జవాబు వెతకడం ఆయన అప్పటికే మొదలుపెట్టారు. 1919లో ట్రాంకేబార్‌లో వివిధ సంఘాల పాస్టర్లు కలిసి ఐక్యత పిలుపు ఇచ్చినప్పుడు ముందు నిలిచింది ఆయనే. 1927లో స్విట్జర్లాండ్‌లోని లోజాన్ సభలో, మీ దేశాల్లో పుట్టిన తగాదాలను మా నెత్తిన ఎందుకు పెట్టారన్న భావంతో మాట్లాడారు. ఆ ప్రయత్నం ఫలించి 1947 సెప్టెంబరు 27న మద్రాసులో చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా ఏర్పడింది. అది చూడడానికి ఆయన లేరు. 1945 జనవరి 1న, 70 ఏళ్ల వయసులో, దోర్నకల్‌లోనే కన్నుమూశారు.

తామరల స్తంభాలు, మినార్ల గోపురాలు

ఆయన చేతి గుర్తు దోర్నకల్‌లో నిలిచి ఉంది. ఎపిఫనీ కథీడ్రల్ కట్టడానికి దాదాపు పాతికేళ్లు పట్టింది. యుద్ధం, డబ్బు కొరత పనిని ఆపుతూ వచ్చాయి. 1939 జనవరి 6న ప్రతిష్ఠ జరిగింది. బయటి నుంచి చూస్తే మసీదు గుమ్మటాలు, మినార్లు గుర్తొస్తాయి. లోపల రాతి స్తంభాలు గుడి మండపాన్ని తలపిస్తాయి. తామరపువ్వు అక్కడ చెక్కుడు పనిలో కనిపిస్తుంది. నిజాం రాజ్యంలో పుట్టిన తెలుగు చర్చి ఇంగ్లండు చర్చికి నకలుగా ఉండకూడదని ఆయన కోరిక.

విజయవాడ నుంచి కాజీపేట వైపు వెళ్లే రైల్లో దోర్నకల్ జంక్షన్ వస్తుంది. భద్రాచలం రోడ్ లైను చీలేది అక్కడే. ఇప్పుడది మహబూబాబాద్ జిల్లా. సెలవులకు ఊరెళ్లినప్పుడు ఏ మతం వారైనా సరే, పిల్లలను తీసుకుని ఒక పూట అక్కడ దిగి చూసి రావచ్చు.

ఇక సల్వా సంగతి. ఇక్కడ మనందరి చేతుల్లో ఉన్నది అకామా కార్డే. ఆ కార్డు మీద మన కులం ఉండదు. అయినా దాన్ని పెట్టె అడుగున దాచి విమానం ఎక్కించుకుని వచ్చినవాళ్లం ఉన్నాం. దానికి తోడు కంపెనీ ఉద్యోగం, ఇంటిపని అన్న కొత్త గీత ఒకటి గీసుకున్నాం. కష్టంలో ఉన్న అక్కకు టికెట్ డబ్బులు పోగుచేయడంలో మన సంఘాలకు పేరుంది. అది మంచి పనే. కానీ చందా ఇవ్వడం వేరు, పక్కన కూర్చోబెట్టుకుని అన్నం పెట్టడం వేరు. ఈ రెండింటికీ తేడా ఉందని నిండు సభలో చెప్పి, ఆ తర్వాత 35 ఏళ్లు తెలుగు గూడేల్లో దాన్ని ఆచరించడానికి ప్రయత్నించినవాడు అజరయ్య. వచ్చే శుక్రవారం మన ఇంటి భోజనాల బల్ల దగ్గర ఎవరిని కూర్చోబెడతామన్నది మన చేతిలోనే ఉంది.